పోయినవారి గురించి ఊరిని అడిగి రాసిన క్రమం

2020, 2021 సంవత్సరాల్లో కొవిడ్ కారణంగా చాలాచోట్ల జరిగినట్టే మా ఊళ్లోనూ కొందరి అంత్యక్రియలు నలుగురూ చేరకుండానే ముగిసిపోయాయి. మామూలు రోజుల్లో అయితే పరామర్శకు వచ్చినవారిలో ఒకరు ఆ మనిషి గురించి ఏదో చెప్తారు, మరొకరు అందుకుంటారు, ఇంకొకరు సరిదిద్దుతారు. ఒక జీవితం గురించి ఊరికి తెలిసినదంతా ఆ కొద్ది రోజుల్లోనే పైకి వస్తుంది. ఆ మాటలేవీ జరగకుండానే వెళ్లిపోయినవారి విషయంలో ఆ వెలితి చాలా ఇళ్లలో కనిపించింది. అందుకే ఇటీవలి సంవత్సరాల్లో మా ఊళ్లో మరణించిన ప్రతి ఒక్కరి గురించీ ఒక చిన్న జీవిత పరిచయం రాసి, అన్నీ కలిపి ఒక పుస్తకంగా కుట్టించాలని మేము కొందరం అనుకున్నాం. రాసే పని నా మీద పడింది. ఇలాంటి పని తలపెట్టేవారికి ఉపయోగపడుతుందని, అది ఎలా సాగిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట తేలవలసింది పేర్ల జాబితా. ఊరివారు ఎవరు అన్న ప్రశ్న చూడడానికి చిన్నదే గాని, కూర్చున్న మొదటి సాయంత్రమే దాని మీద వాదన పెరిగింది. పని వెతుక్కుంటూ నగరానికి వెళ్లి అక్కడే కన్నుమూసినవారిని చేర్చాలా, పెళ్లయి వేరే ఊరు వెళ్లిన ఆడపడుచుల సంగతేమిటి, ఎక్కడినుంచో కూలికి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి నా అన్నవారు లేకుండా పోయినవారిని ఏం చేయాలి అని తలా ఒక మాట అన్నారు. మరణాల అధికారిక నమోదును మాత్రమే ఆధారం చేసుకుంటే బయట పోయినవారందరూ జారిపోతారు. చివరికి, ఊళ్లో ఒక్కరు అడిగినా ఆ పేరు చేర్చాలని నిర్ణయించుకున్నాం. ఎకరాలున్న ఆసామికైనా, పశువుల కాపరికైనా రెండు పుటలకు మించి ఇవ్వకూడదనీ, వరుస మరణించిన తేదీని బట్టే ఉండాలనీ కూడా అప్పుడే రాసుకున్నాం. ఈ నియమం విని ఒకరిద్దరు పెద్దలు ముఖం ముడుచుకున్నారు గాని, తరువాత రావలసిన తలనొప్పుల్లో సగం దీనివల్లే తప్పాయని నా నమ్మకం.

ఇక అడగడం మొదలుపెట్టాక అన్ని ఇళ్లలోనూ దాదాపు ఒకే సమాధానం ఎదురైంది. "చాలా మంచి మనిషండి, ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు." ఇందులో అబద్ధం లేకపోవచ్చు, కానీ ఈ వాక్యాన్ని ఎవరి పేరు కింద పెట్టినా సరిపోతుంది. దుఃఖంలో ఉన్నవారిని గుణగణాలు చెప్పమంటే అందరికీ తెలిసిన మాటలే వస్తాయి, అందులో వారి తప్పేమీ లేదు. అందుకని గుణాల గురించి అడగడం మానేసి పనుల గురించి అడగసాగాను. తెల్లవారి లేవగానే మొదట ఏ పని చేసేవారు, ఏ పనిముట్టు ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు, కోపం వస్తే ఎక్కడికి వెళ్లి కూర్చునేవారు అనే ప్రశ్నలు బాగా పనిచేశాయి. వీటన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన ప్రశ్న మరొకటి ఉంది: వారు పోయాక ఊళ్లో ఏ పని ఆగిపోయింది, లేదా ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? దీనికి జవాబు కుటుంబం దగ్గర తక్కువగా, పక్క పొలంవారి దగ్గర, కలిసి పనిచేసినవారి దగ్గర ఎక్కువగా దొరికింది. కుటుంబానికి ఆ మనిషి ఇంటికి చేరాక ఎలా ఉండేవారో తెలుసు. ఊరికి తెలిసింది వేరు. రెండూ కలిస్తేగాని ఒక పుట నిండదు.

కాలువ నీటి వంతులు చూసిన ఒక పెద్దాయన విషయం దీనికి మంచి ఉదాహరణ. ఇంట్లోవారు ఆయన గురించి నిక్కచ్చి మనిషి అని మాత్రమే చెప్పి, ఆయన వాడిన పొడుగాటి లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టారు. అందులో ఎడమవైపు రైతుల పేర్లకు బదులు చిన్న చిన్న బొమ్మలు ఉన్నాయి. చదువు రానివారు కూడా తమ వంతు ఎప్పుడో చూసుకోవడానికి ఒకరికి గొడుగు, ఒకరికి నాగలి, ఒకరికి కొమ్ములు తిరిగిన ఎద్దు తల గీసి, ఎదురుగా వంతు వేళలు రాశారు. రాత్రి వంతులు ఒక్కొక్కరికీ మారుతూ వస్తున్నాయి గాని, దీపం బొమ్మ ఉన్న గడిలో మాత్రం ఎన్ని పుటలు తిప్పినా అర్ధరాత్రి వంతు కనిపించలేదు. ఆ పొలం ఎవరిదని వాకబు చేస్తే, చిన్నపిల్లలతో ఒంటరిగా సేద్యం చేసుకున్న ఒక వితంతువుదని తెలిసింది. మిగతా రైతులను అడిగితే, "మాకు తెలుసు, ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు" అన్నారు. నిక్కచ్చి మనిషి అన్న మాట ఎంత నిజమో, అది చాలకపోవడమూ అంతే నిజం. ఆ ఒక్క విషయం మీదే ఆయన పుట మొత్తం నడిచింది.

ఆడవారి పుటలు ఇంకా కష్టమయ్యాయి. "ఆమె ఇంట్లోనే ఉండేది, ఏముంటుంది రాయడానికి" అని కన్నకొడుకులే అన్న సందర్భాలున్నాయి. ఇది పల్లెటూళ్లకే పరిమితమైన అలవాటు కాదు. 1851లో మొదలైన న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రిక కూడా తన సంస్మరణ పుటల్లో ఎక్కువగా తెల్లజాతి పురుషులకే చోటిచ్చానని ఒప్పుకొని, వదిలేసిన స్త్రీల గురించి, ఇతరుల గురించి ఆలస్యంగానైనా రాసే శీర్షికను 2018లో ప్రారంభించింది. మా విషయంలో దారి చూపింది తోటి ఆడవారే. ఇంట్లోనే ఉండేదని కొడుకులు చెప్పిన ఒక అవ్వ దగ్గర ఊళ్లో సగం మంది విత్తనాలు తీసుకునేవారని పక్కింటి వృద్ధురాలు చెప్పింది. ఏ చెట్టు కాయలను విత్తనానికి వదలాలో పూత దశలోనే గుర్తుపెట్టి దారం కట్టడం, గింజను పంటి కింద పెట్టి ఆ చప్పుడును బట్టి ఎండిందో లేదో తేల్చడం, బూడిద కలిపి కుండలో పోసి మూతి మెత్తి పెట్టడం, తీసుకున్నవారు మళ్లీ తెచ్చిచ్చిన గింజల్లో పుచ్చులుంటే నిర్మొహమాటంగా వెనక్కి పంపడం, ఇవన్నీ ఆ వృద్ధురాలు చేతులతో చూపిస్తూ వివరించింది. పక్కనే కూర్చున్న కొడుకులు ఆ సంగతి మొదటిసారి వింటున్నట్టు విన్నారు.

తేదీలతో వేరే రకమైన చిక్కు వచ్చింది. పెద్దవారు తమ పదో ఏటి నుంచి ముప్పయ్యో ఏటి వరకు జరిగినవి మిగతా కాలంకంటే స్పష్టంగా చెప్పగలరని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసినవారు గుర్తించారు. నాకూ అదే అనుభవమైంది. యవ్వనంలో తవ్విన బావి లోతు చెప్పినవారు, పదేళ్ల కిందటి ఆపరేషన్ ఏ సంవత్సరమో చెప్పలేకపోయారు. పైగా ఎప్పుడో జరిగిన సంఘటన ఈమధ్యే జరిగినట్టు అనిపించడం కూడా మనుషుల్లో సహజం. కాబట్టి "ఏ సంవత్సరంలో" అని అడగకుండా, వరద వచ్చిన ఏడాదికి ముందా తరువాతా, బడి కట్టక ముందా కట్టాకనా, మీ పెద్దబిడ్డ అప్పటికి నడుస్తున్నాడా అని అడిగాను. అలా నాలుగు వైపుల నుంచి బిగిస్తే సంవత్సరం దానంతట అదే తేలేది. అప్పటికీ తేలనిచోట "సుమారు" అని రాసి వదిలేశాను.

ఫోటోల గురించి కొంత చెప్పాలి. చాలామందికి ఉన్న ఒకే ఒక్క ఫోటో ఏదో పెళ్లిలో తీసిన గుంపులో గోరంత ముఖం. అసలు పరిమాణంలోనే అచ్చు వేయడానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ సరిపోతుంది గాని, ఇలాంటి చిన్న ముఖాన్ని పెద్దది చేయాలంటే 600 గాని, 1200 గాని కావాలి. జిగురు పుటల ఆల్బమ్‌లలో అతుక్కుపోయిన ఫోటోలను బలవంతంగా పీకితే చిరుగుతాయి. వాటిని పుటతో సహా స్కాన్ చేశాం. గోడకున్న పటాలను ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, అద్దం మెరుపు పడని కోణంలో ఫోన్‌తోనే తీశాం. పేర్లు రాయడానికి బాల్‌పెన్ వాడితే నొక్కు ముందువైపుకు తేలుతుంది కాబట్టి, పాత కాగితం ఫోటోల వెనుక మెత్తని పెన్సిల్‌తోనూ, నున్నటి ఫోటోలకైతే విడిగా కవరు మీదా రాయించాను. మాటలను ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు మధ్యలో కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, ఫ్యాను ఆపించాలి. అంతకుమించిన పరికరాలేవీ అవసరం కాలేదు.

అసలు బరువైన భాగం రాసేటప్పుడు వచ్చింది. ప్రతి జీవితంలోనూ కుటుంబం దాచాలనుకునేవి కొన్ని ఉంటాయి; అవి ఊరందరికీ తెలిసే ఉంటాయి. అప్పులు, తాగుడు, అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోవడం వంటివి వచ్చినప్పుడు నేను పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: ఆ ఇంటివారి ఎదుట నలుగురిలో అనలేని మాట పుస్తకంలోకి రాకూడదు, అలాగని లేని సుగుణమూ రాకూడదు. సరిహద్దు గట్ల విషయంలో ఊరంతటితో తగాదాలు పడిన ఒకాయన ఉండేవారు. ఆయనను శాంతమూర్తిగా రాస్తే చదివినవారు నవ్విపోతారు. "గట్టు విషయంలో ఆయన జానెడు నేల కూడా వదిలేవారు కాదు, చాలామందితో ఆయనకు పడేది కాదు" అని రాసి కొడుకుకు వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ వాక్యం తీయవద్దనీ, అది లేకపోతే తమ నాన్నగారిలా అనిపించదనీ చెప్పారు.

బలవన్మరణం చెందినవారి విషయంలో మాత్రం ఊరి అభిప్రాయం మీద వదలకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలవారి కోసం మొదట 2000లో విడుదల చేసి తరువాత సవరిస్తూ వచ్చిన సూచనలను పాటించాను. మరణం ఏ విధంగా జరిగిందో వర్ణించకూడదు, దానికి ఏదో ఒక్క కారణాన్ని అంటగట్టకూడదు, దాన్ని పరిష్కారంగానో త్యాగంగానో చూపకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అలా పోయిన ఒక యువకుడి విషయంలో కుటుంబాన్ని అడిగి, తేదీని మాత్రం ఉంచి, మిగతా పుటంతా అతను బతికిన రోజులకే ఇచ్చాను. మోటారు పాడైతే చప్పుడు విని లోపం చెప్పేవాడని అతని స్నేహితులు చెప్పిన సంగతులు ఆ పుటలో ఉన్నాయి. పసివయసులో పోయిన ఒక బిడ్డ గురించి ఏం రాయాలో తోచక తల్లిదండ్రులనే అడిగాను; వారు చెప్పిన నాలుగు వాక్యాలను ఒక్క అక్షరం మార్చకుండా ఉంచాను. ఆ పుటలో మిగిలిన ఖాళీని నింపే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

ముసాయిదాలను కాగితం మీద ఇచ్చి చదువుకోమనడంకంటే, ఇంటికి వెళ్లి గట్టిగా చదివి వినిపించడం వంద రెట్లు మేలు. చదవడం రానివారికి అది తప్పనిసరి. చదవగలిగినవారు కూడా వింటున్నప్పుడే "అది అలా కాదు" అని ఆపుతారు. కుటుంబానికి ఒకసారి, కలిసి పనిచేసినవారికి ఒకసారి వినిపించేసరికి తప్పులు చాలావరకు బయటపడ్డాయి. పోయినవారి ప్రసక్తి తెస్తే ఇంట్లోవారిని మళ్లీ ఏడిపించినట్టవుతుందేమో అన్న సంకోచం నాకు మొదట్లో ఉండేది. మరణించినవారితో బంధాన్ని తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందన్న పాత అభిప్రాయాన్ని 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు ప్రశ్నించారు; ఆ బంధం రూపం మార్చుకొని కొనసాగడం సహజమేనని వారి వాదన. నేను వెళ్లిన ఇళ్లలో ఏడ్చినవారు ఉన్నారు గాని, ఆపమన్నవారు లేరు. మాట్లాడబోమని ముందే చెప్పిన ఇళ్లకు వెళ్లలేదు. ఆ పుటల్లో పేరు, తేదీలు మాత్రమే వేసి, తరువాత రాసుకోవడానికి చోటు వదిలాం.

పుస్తకాన్ని త్వరగా పసుపెక్కకుండా ఆమ్లం లేని కాగితం మీద అచ్చు వేయించి, మరణించినవారి ప్రతి ఇంటికీ ఒక ప్రతి ఇచ్చాం. రికార్డింగులు, స్కాన్లు మూడు ప్రతులు చేసి, రెండు ఊళ్లోనే వేర్వేరు ఇళ్లలోనూ, ఒకటి బయటి ఊళ్లోనూ ఉంచాం. కుటుంబం అనుమతి లేకుండా రికార్డింగును ఎవరికీ వినిపించకూడదని ఒప్పందం రాసుకున్నాం. పుస్తకం వెలువడిన తరువాత పోయినవారి గురించి రాసే పనిని ఇద్దరు కుర్రవాళ్లు తీసుకున్నారు. మరణం జరిగిన కొద్ది నెలల్లోపే పక్క పొలంవారినీ, తోటి పనివారినీ కలవమని వారికి చెప్పాను, ఎందుకంటే చాలాసార్లు ఆ పొలంవారూ, పనివారూ పోయినవారి వయసువారే.