బటనున్న చాకు

ఆదివారం. కోర్టుకు సెలవే గానీ ఆర్మ్స్ యాక్టు (ఆయుధాల చట్టం) మాత్రం ఈ వకీలును వదల్లేదు.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. పిల్లోడు రేపు కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌కు ఢిల్లీ పోతున్నాడు, సివిల్స్ కోచింగ్‌కు. "సామాన్లు సర్దుతా ఉండాం, ఒకసారి వచ్చిపో" అంది. కమలానగర్‌లో వాళ్లింటికి పోయేసరికి హాలంతా సంచులే. చెనిక్కాయల పొడి, కొర్రబియ్యం, ఓ బుట్టెడు చీనీకాయలు. వాడు చదువుకోడానికి పోతున్నాడా, అక్కడ హోటల్ పెట్టడానికి పోతున్నాడా అనిపించింది.

బ్యాగు పక్క జేబులో ఓ చాకు కనబడింది. పాతూరులో కొన్నాడంట. పిడి చెక్క రంగు ప్లాస్టిక్, పక్కన ఇత్తడి బొడిపె. నొక్కితే స్ప్రింగ్ తన్ని అలుగు టక్కున బయటికొస్తుంది. మిషన్ ఆయిల్ వాసన ఇంకా పోలేదు. రైల్లో కాయలు కోసుకోవడానికి అని అక్క అంది. బావ అసలు సంగతి చెప్పాడు: "ఊరు గాని ఊరు. చేతిలో ఏదో ఒకటి ఉండాల గదా."

అక్క కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తెప్పించి కొలిచాను. అలుగు పొడవు 9 సెంటీమీటర్లు, వెడల్పు 1.8. "ఏమప్పా, దానికి జాకెట్టు కుడతావా?" అని బావ నవ్వాడు.

నవ్వులాట కాదని చెప్పాల్సి వచ్చింది. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. పైగా ఇది దేశమంతటా ఒకే తీరుగా ఉండదు. సెక్షన్ 4 కింద ఏ ప్రాంతానికి కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే అక్కడ లైసెన్సు కావాలి. ఢిల్లీకి 1980లో వేరే నోటిఫికేషన్ వచ్చింది. బటన్‌తోనో స్ప్రింగ్‌తోనో తెరుచుకునే చాకు అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, ఆ పైన ఉంటే దాని పరిధిలోకి వస్తుంది. అక్కడ వీటిని 'బటన్‌దార్' అంటారు. సెక్షన్ 4 ఉల్లంఘనకు ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు.

"కాయ కోసుకునే చాక్కి మూడేళ్లా!" అని అక్క నోరు తెరిచింది.

నిజం చెప్పాలంటే ఆ నోటిఫికేషన్‌లో ఉన్నది తయారీ, అమ్మకం, అమ్మడానికి దగ్గర పెట్టుకోవడం గురించి. ఊరికే జేబులో ఉంచుకున్నవాడికి అది వర్తించదని వాదించొచ్చు. కానీ ఆ వాదన వినేది జడ్జి. ఆయన దాకా పోవాలంటే ముందు పట్టుబడాలి, స్టేషన్లో కూర్చోవాలి, బెయిలు తెచ్చుకోవాలి. ఢిల్లీలో మెట్రో ఎక్కాలంటే బ్యాగు స్కానర్లో పెట్టాల్సిందే. వీడి హిందీ ఇంకా "చాకూ హై, ఫ్రూట్ కే లియే" దగ్గరే ఉంది.

మన దగ్గర ఆర్టీసీ బస్సులో గోనెపట్టా చుట్టిన మచ్చుకత్తి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్న రైతుల్ని చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. దాని ముందు ఈ చాకు ఎంత? కండక్టర్ మహా అయితే "లోపలికి పెట్టుకో పెద్దాయనా, ఎవరికన్నా తగుల్తాది" అంటాడు. చట్టం కూడా ఇంచుమించు కండక్టర్ మాటే అంటుంది, అది సేద్యం పనిముట్టు కాబట్టి. (సీమవాళ్లంటే కొడవళ్లు, బాంబులు అని జోకులేసేవాళ్లకు ఈ మినహాయింపు గురించి చెప్తే నమ్మరు.) బటన్ చాకు మీద ఆంక్ష పెట్టడంలో నాకైతే తప్పేమీ కనబడదు. చీనీకాయ ఎక్కడికీ పారిపోదు కదా, దాన్ని కోయడానికి కత్తి టక్కున తెరుచుకోవాల్సిన పనేముంది?

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఈ చాకు అంగట్లో దర్జాగా దొరుకుతుంది. అమ్మేవాడు ఏమీ చెప్పడు. వీడికి వకీలు మామ ఉన్నాడు, సరే. కూలిపనికి రైలెక్కే పిల్లోడికి 1980 గెజిట్ ఎవరు చదివి వినిపిస్తారు?

బావ ఇంకా ఒప్పుకోలేదు. "ఎవడన్నా మీదికొస్తే?" ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, పాత ఐపీసీలోనూ ఉండేది, కొత్త న్యాయ సంహితలోనూ ఉంది. అయితే దాడి జరిగినప్పుడు మనం చేసినదాన్ని కాపాడే హక్కు అది, కత్తి వెంటేసుకుని తిరగడానికి లైసెన్సు కాదు. గట్టు తగాదా కేసుల్లో చూస్తూనే ఉంటా. గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, 'ఎం.ఓ. 1' (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా చూపే వస్తువు) అని చీటీ కట్టిన కత్తి బల్ల మీదికి రాగానే, గొడవ ఎవరు మొదలుపెట్టారన్నది పక్కకు పోతుంది. "ఇది ఎవరు తెచ్చారు?" అన్నదే మొదటి ప్రశ్న.

లండన్‌లో అయితే ఇంకా ఖచ్చితం అన్నాను. మడతచాకు అలుగు 3 అంగుళాలు దాటకూడదు, తెరిచాక బిగుసుకునే రకమైతే ఆ వెసులుబాటు కూడా లేదు, గట్టి కారణం చూపించాల్సిందే. పిల్లోడు వెంటనే అందుకున్నాడు: "మరి సర్దార్జీలు కృపాణ్ పెట్టుకోవచ్చు గదా మామా? రాజ్యాంగం ఆర్టికల్ 25, ఎక్స్‌ప్లనేషన్ 1." నాకంటే ముందే సెక్షన్ చెప్పేశాడు. కోచింగ్ డబ్బులు దండగేమో అని బావతో అంటే ఆయనకు నవ్వు రాలేదు.

చివరికి అక్క వంటింట్లోని చిన్న కూరగాయల చాకును అట్టముక్కల మధ్య పెట్టి, దారం చుట్టి, సూట్‌కేసు అడుక్కి తోసింది. రూములోనే ఉంచుకోవాలని, మెట్రోకు తీసుకుపోవద్దని వాడితో ఒట్టు కూడా వేయించుకుంది. బటన్ చాకు బావ చేతిలోనే ఉంది. నేను చెప్పులేసుకుంటుంటే అడిగాడు, పాతూరు అంగడాయన వాపసు తీసుకుంటాడా, లేకుంటే ఆ డబ్బుకు టార్చిలైటన్నా ఇస్తాడా అని.