హీత్రో నుంచి జేఎఫ్‌కే: దూరం, సమయం లెక్క నేనే వేసుకున్నాను

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి టికెట్టు తీసుకున్నాక, ఆ ప్రయాణం ఎంత దూరమో, ఎంతసేపో స్వయంగా లెక్క కట్టి తెలుసుకోవాలనిపించింది.

ముందు దూరం. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టాను. అది ఐర్లండ్ మీదుగా పోయి, సముద్రం దాటి కెనడాలోని న్యూఫౌండ్లాండ్ మీదుగా దిగింది. మామూలు మ్యాపు మీద గీస్తే వంకరగా కనిపించే ఈ దారే నిజానికి అన్నిటికన్నా దగ్గరిది. తర్వాత రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని (హీత్రో 51.47 ఉత్తరం, 0.45 పడమర, జేఎఫ్‌కే 40.64 ఉత్తరం, 73.78 పడమర) స్ప్రెడ్‌షీట్‌లో హావర్‌సైన్ సూత్రం (గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య దూరం చెప్పేది) పెట్టాను. స్ప్రెడ్‌షీట్ కోణాలను రేడియన్లు అనే వేరే కొలతలో తీసుకుంటుంది కాబట్టి డిగ్రీలను అందులోకి మార్చడం తప్పనిసరి. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుంటే దూరం దాదాపు 5,540 కిలోమీటర్లు వచ్చింది. భూమి పూర్తి గుండ్రం కాదు కాబట్టి అర శాతం లోపు తేడా ఉండొచ్చు, మనకు అది లెక్కలోకి రాదు.

అసలు ఆసక్తికరమైనది సమయమే. ఆ దూరాన్ని విమానం మామూలుగా ఎగిరే గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 6 గంటల 10 నిమిషాలు. షెడ్యూల్‌లో మాత్రం 8 గంటలు! ఆ మిగతా సమయం ఏమైందో వెతుకుతూ పోయాను. షెడ్యూల్‌లో వేసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు. ఇక్కడి గేటు వదిలింది మొదలు అక్కడి గేటు దగ్గర ఆగేదాకా మొత్తం కలుపుతారు. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, వరుసలో ఆగడం, తక్కువ వేగంతో పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే.

ఇక గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి వీస్తుంది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. అందుకే అట్లాంటిక్ మీద విమానాల దారులను గాలిని బట్టి ఏ రోజుకారోజు నిర్ణయిస్తారు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీది లెక్కలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా చుట్టూ ఉన్న గాలితో పోల్చితే ధ్వని వేగాన్ని దాటలేదు. ఈ సంగతి చదివాక ఎంత సంతోషం వేసిందో!

చివరిగా గడియారాలు. ఉదయం 11కి బయలుదేరి మధ్యాహ్నం 2కి దిగుతామని టికెట్టులో ఉంటే మూడు గంటలే అనిపిస్తుంది. న్యూయార్క్ 5 గంటలు వెనక ఉంటుంది కాబట్టి అవి కలిపితే 8. మార్చిలోనూ, అక్టోబరు చివరలోనూ జాగ్రత్తగా చూడాలి. రెండు దేశాలు గడియారాలు మార్చే తేదీలు వేరు కావడంతో కొన్నాళ్లు తేడా 4 గంటలే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో రాత్రి 8కి ఎక్కి మర్నాడు ఉదయం 8కి దిగితే, పన్నెండులోంచి అయిదు తీసేయాలి. అంటే 7 గంటలు.