గొంతు పోయిన సీజన్

ఆప్టిట్యూడ్ చెప్పేవాళ్ళందరికీ కంఠతా వచ్చిన లెక్క ఒకటుంది. ఏ అనే మనిషి ఒక పనిని 12 రోజుల్లో చేస్తాడు, బీ 24 రోజుల్లో చేస్తాడు, ఇద్దరూ కలిస్తే ఎన్ని రోజులు? 8. పిల్లలు సూత్రం పట్టేశాక పెన్ను ముట్టకుండానే చెప్పేస్తారు. ఆ లెక్కలో ఏ అనేవాడికి జ్వరం రాదు. ఎనిమిదో రోజు కూడా మొదటి రోజంత స్పీడుగానే చేస్తాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి పనిలోకి దిగడు. కాలేజీల నుంచి ట్రైనింగులు కాంట్రాక్టు తీసుకుని మమ్మల్ని పిలిచే వెండర్లు మా క్యాలెండర్ నింపేటప్పుడు సరిగ్గా ఈ లెక్కే వేస్తారు.

నేను సీఆర్టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) ట్రైనర్‌ని. ఇంజినీరింగ్ మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలకి కంపెనీల పరీక్షల కోసం ఆప్టిట్యూడ్, రీజనింగ్ చెబుతాను. ఉండేది విజయవాడ. ఇది ఉద్యోగం కాదు. వెండర్ ఫోన్ చేస్తాడు, రోజుకింత అని మాట్లాడుకుంటాం, వారమో రెండు వారాలో ఆ కాలేజీలో ఉండి చెప్పి వస్తాం. భీమవరం, నరసరావుపేట, ఒంగోలు, కాకినాడ వైపు, ఒక్కోసారి హైదరాబాద్ చుట్టుపక్కల ఘట్‌కేసర్, మేడ్చల్. జులైలో మొదలైతే దీపావళి దాటేదాకా ఊపిరాడదు. ఏప్రిల్, మే వచ్చేసరికి సెమిస్టర్ పరీక్షలు, సెలవులు. ఫోనే మోగదు. అందుకే మా వాళ్ళందరి నోటా ఒకటే మాట: దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ఆ ఏడు సీజన్ మామూలు కంటే బరువుగా వచ్చింది. అంతకు ముందు ఏడు కంపెనీలు క్యాంపస్‌లకి సరిగా రాలేదు, ట్రైనింగులు తగ్గిపోయాయి. కాబట్టి ఈసారి ఎవరు పిలిచినా సరే అన్నాను. నాతోపాటు తిరిగేవాళ్ళందరూ అన్నారు. క్లాసు తొమ్మిదికి మొదలై నాలుగున్నరకి అయిపోతుంది. మధ్యలో భోజనం, టీ తీసేస్తే కాగితం మీద ఆరు గంటల పని. కాలేజీ వాళ్ళు ఖర్చు కలిసొస్తుందని రెండు సెక్షన్లు కలిపి సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. 120 మంది, పైన గరగరమని తిరిగే ఫ్యాన్లు. మైక్ అడిగితే ‘హెచ్‌ఓడీ సార్ రూమ్‌లో ఉంది మేడమ్, సార్ లీవు’. చివరి బెంచీకి వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే.

క్లాసు అయ్యాక లెక్కలోకి రాని పని మొదలవుతుంది. మర్నాటి టెస్ట్ పేపర్, ఇవాళ్టి మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించడం, వెండర్‌కి రిపోర్టు, క్లాసు జరిగినట్టు ఫొటోలు, వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి ‘మేడమ్ వన్ డౌట్’. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లవారుజామున బెంజ్ సర్కిల్‌లో దిగేదాన్ని. ఉతికిన బట్టలు ఆరీ ఆరకముందే మళ్ళీ బ్యాగులో కుక్కి, ఆదివారం సాయంత్రం ఇంకో ఊరు. వీటిలో ఏ ఒక్క గంటకీ ఎవరూ డబ్బు ఇవ్వరు. బాస్ ఉంటే కనీసం బాస్‌ని తిట్టుకోవచ్చు. సొంతంగా చేసుకునేవాళ్ళకి ఆ సుఖం కూడా లేదు.

మొదట్లో పొద్దున్నే గొంతు బరువుగా ఉండేది, కాఫీ తాగితే తేరుకునేది. తర్వాత భోజనాలయ్యాక రెండో సెషన్‌లో మాట చివర తెగిపోవడం మొదలైంది. మాటిమాటికీ గొంతు సవరించుకునేదాన్ని. మా అత్తయ్య కరక్కాయ ముక్కలు, అతిమధురం పుల్లలు డబ్బాలో పోసి ఇచ్చారు, బుగ్గన పెట్టుకోమని. అవి చప్పరిస్తూ నెట్టుకొచ్చాను.

గొంతు సంగతి బయటికి వినపడేది కాబట్టి అందరూ అడిగేవారు. వినపడనిది ఇంకోటి ఉంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. ఒకప్పుడు ఏ పిల్లాడైనా నాకు తెలియని షార్ట్‌కట్ చెబితే వాడి పేరే ఆ పద్ధతికి పెట్టి బోర్డు మీద రాసేదాన్ని. ఆ సీజన్‌లో డౌట్ అడగడానికి చెయ్యెత్తిన వాళ్ళని చూస్తే ‘వీళ్ళకి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే’ అనిపించేది. ఫోన్ మోగితే గుండె దడ. మంచి రేటుతో వచ్చిన పిలుపైనా అంతే. మా వారు ‘అలసిపోయావు, ఈ వారం పడుకో’ అనేవారు. పడుకున్నా లేచేసరికి అదే అలసట.

గోదావరి జిల్లాల్లో ఒక కాలేజీలో, భోజనాల తర్వాత వయసుల లెక్కలు. తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు, ఐదేళ్ళయ్యాక రెండున్నర రెట్లు అవుతుంది. వేల సార్లు చేసిన లెక్క. బోర్డు మీద ‘3ఎక్స్ ప్లస్ 5’ అని రాసి, పక్కన ఈక్వల్ గుర్తు పెట్టాను. అంతే. ఆ గుర్తుకి అటువైపు ఏం రాయాలో తట్టలేదు. మార్కర్ మూత తీసి అలాగే నిలబడ్డాను. సరే, మాట్లాడుతూ ఉంటే అదే వస్తుందిలే అని క్లాసు వైపు తిరిగి నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం రాలేదు. వెనక బెంచీల్లో నవ్వారు, నేనేదో జోక్ చేస్తున్నాననుకుని. ముందు బెంచీలో అమ్మాయి మాత్రం లేచి వచ్చింది. ‘నేను పూర్తి చేయనా మేడమ్?’ అని మార్కర్ తీసుకుని కొడుకు 15, తండ్రి 45 అని తేల్చింది. ఎవరో క్యాంటీన్ నుంచి వేడినీళ్ళు తెచ్చారు. నాకు సిగ్గేసి ఉండాలి. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనిపించింది, ఇక మాట్లాడక్కర్లేదని.

విజయవాడ వచ్చాక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. నోట్లో మందు స్ప్రే కొడితే నాలుక మొద్దుబారిపోయింది, అది నా నాలుక కాదన్నట్టు. గొట్టం లోపలికి పెట్టి ‘ఈ.. అనండమ్మా’ అన్నారు. పక్కన స్క్రీన్ మీద నా స్వరతంత్రులు కనపడ్డాయి. తెల్లటి రెండు పట్టీలు దగ్గరికొస్తున్నాయి, కానీ పూర్తిగా మూసుకోవడం లేదు. రెండింటికీ ఎదురెదురుగా చిన్న బుడిపెలు, వాటికి అటూ ఇటూ సందు. ఆ సందులోంచే నా మాట గాలిగా పోతోంది. నాడ్యూల్స్ అన్నారు. గునపం పట్టే చేతికి కాయలు కాసినట్టు, గట్టిగా అరిచి అరిచి అక్కడ కాయలు కాస్తాయట. పాటలు పాడేవాళ్ళకీ టీచర్లకీ ఎక్కువ. క్యాన్సరేమోనని దారి పొడవునా వణికిన నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే లోపల గొట్టం పెట్టి చూపించుకోవాల్సిందేనని, గొంతు బిళ్ళలతో నెలలు గడపకూడదని డాక్టర్ గట్టిగానే చెప్పారు.

బీపీ చూస్తే 150/96. అతిమధురం వెంటనే ఆపమన్నారు. అది బీపీ పెంచుతుందట. పాపం అత్తయ్య ప్రేమగా ఇచ్చిన డబ్బా. కరక్కాయ జోలికి ఎవరూ రాలేదు కాబట్టి అది ఇప్పటికీ వంటింట్లోనే ఉంది.

మొదటి వారం పూర్తి మౌనం. గుసగుసగా కూడా మాట్లాడకూడదు, అది గొంతుని ఇంకా బిగిస్తుందన్నారు. మా పాప పాత పలక తీసి ఇచ్చింది. పలక మీద రాయాల్సి వస్తే మనిషి ఎంత తక్కువ మాట్లాడతాడో నాకు అప్పుడే తెలిసింది. ‘ఉప్పు తక్కువ’ అని రాసి చూపించడం కంటే తినేయడమే సులువు.

వెండర్ ‘గెట్ వెల్ సూన్ మేడమ్’ అని పూల బొమ్మతో మెసేజ్ పెట్టాడు. మర్నాటికి ఆ హాల్లో ఇంకో ట్రైనర్ ఉన్నారు. అతన్ని తప్పుపట్టను, హాలు ఖాళీగా ఉంచలేడు కదా. కానీ అంతకు ముందు చెప్పిన రెండు కాలేజీల డబ్బు గురించి అడిగితే మాత్రం ‘కాలేజీ నుంచి ఇంకా రాలేదు మేడమ్’. నా ఆరోగ్య పాలసీ ఆస్పత్రిలో చేరితేనే ఇస్తుంది. స్కోపు, మందులు, థెరపీ అన్నీ ఓపీ కిందికే వస్తాయి, అన్నీ జేబులోంచే. మాకు సిక్ లీవు లేదు, ఈఎస్‌ఐ లేదు. బిల్లులు రాబట్టుకునే దారులు వెతుకుతుంటే అప్పుడు తెలిసింది, చిన్న సంస్థల నమోదుకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకుంటే మనలాంటి ఒంటరి ట్రైనర్ కూడా సూక్ష్మ సంస్థేనని. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. కోర్టుకి వెళ్తానని కాదు. ఇప్పుడు ఇన్‌వాయిస్ కింద నా ఉద్యమ్ నంబరు, ఆ 45 రోజుల మాట వేసి పంపుతాను, డబ్బు కాస్త తొందరగా కదులుతోంది. మా పనిలో సగం టెన్షన్ చెప్పడంలో లేదు, రావాల్సిన డబ్బు రాకపోవడంలో ఉంది. అది రాదేమోనన్న భయంతోనే ఇంకో బ్యాచ్ ఒప్పుకుంటాం.

గొంతు కొంచెం తేరుకుంటున్నా నిద్ర మాత్రం రాలేదు. థైరాయిడ్, షుగర్, బీ12 అన్నీ చూశారు, బాగానే ఉన్నాయి. సైకియాట్రిస్ట్‌ని కలవమన్నారు. ఆ మాట వినగానే అత్తయ్య మొహం మారిపోయింది. ‘దానికేం పిచ్చా?’ అన్నారు మా వారితో, నాకు వినపడేలాగే. మర్నాడు నాతో వచ్చింది మాత్రం ఆవిడే.

సైకియాట్రిస్ట్ చాలాసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. డిప్రెషన్ లక్షణాలు విడిగా అడిగి చూసుకున్నారు, బర్నౌట్, అంటే పనివల్ల పూర్తిగా డస్సిపోవడం, డిప్రెషన్ రెండూ పైకి ఒకేలా కనపడతాయని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో బర్నౌట్‌ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగా పెట్టారట. మూడు గుర్తులు చెప్పారు: ఒంట్లో సత్తువ పూర్తిగా అయిపోవడం, చేసే పని మీద విరక్తి, వెటకారం పెరగడం, ఇక మనవల్ల కాదనిపించడం. రెండోది వినగానే చెయ్యెత్తిన ఆ పిల్లలు గుర్తొచ్చారు. అది నా బుద్ధి మారిపోవడం అనుకుని లోలోపల ఎంత నలిగిపోయానో. గుర్తుల్లో ఒకటని తెలిసేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

నిద్రకి కొద్దివారాలు మందు ఇచ్చారు. ఇంకో పని కూడా ఇచ్చారు, వారంలో గంటలు రాయమని. క్లాసు గంటలు కాదు, అన్నీ. లెక్కల మనిషిని కాబట్టి శ్రద్ధగా వేశాను. ప్రయాణాలు, పేపర్లు, రిపోర్టులు, వాట్సాప్ కలిపితే ముప్ఫై అనుకున్నది అరవై దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం ఒకటి ఆ డాక్టరే చెప్పారు. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని. బీపీ మాత్రలు అప్పటిదాకా ఇష్టం వచ్చినప్పుడు వేసుకునేదాన్ని. ఆ సాయంత్రం నుంచి మానలేదు.

స్పీచ్ థెరపిస్ట్ మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌లో చదువుకున్న చిన్నమ్మాయి. గ్లాసులో సగం నీళ్ళు పోసి, స్ట్రా ముంచి, అందులోకి ‘ఊ’ అని ఊదమంది. నీళ్ళు బుడబుడలాడాలి, మెడ నరాలు బిగుసుకోకూడదు. మా పాప నాకంటే బాగా చేసేది. గొంతు సవరించుకోవాలనిపిస్తే సవరించకుండా ఒక గుక్క నీళ్ళు తాగాలి. అన్నిటికంటే నాకు పనికొచ్చింది మాత్రం చిన్న విషయం. బోర్డు మీద రాస్తూ మాట్లాడకూడదు. గోడకేసి మాట్లాడితే వెనక్కి వినపడాలని తెలియకుండానే గొంతు పెంచుతామట. రాసేటప్పుడు రాయడం, తిరిగాక చెప్పడం. వినడానికి ఏముంది అందులో అనిపిస్తుంది కానీ, ఏళ్ళనాటి అలవాటు మానడానికి నెలలు పట్టింది. బుడిపెలు తగ్గాయి. సర్జరీ అవసరం పడలేదు. జలుబు చేస్తే ఇప్పటికీ పై స్థాయిలో గొంతు జీరపోతుంది.

తర్వాతి సీజన్‌కి నడుముకి కట్టుకునే చిన్న స్పీకర్, తలకి పెట్టుకునే మైక్ కొనుక్కున్నాను. గైడ్‌లాగా ఉన్నారని పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. వారానికి నాలుగు రోజులే ఒప్పుకుంటాను. రెండు సెక్షన్లు కలిపితే రేటు వేరు. రాత్రి బస్సు ఎక్కను, కావాలంటే ముందురోజు గెస్ట్‌హౌస్ ఇవ్వాలి. డౌట్లు సాయంత్రం ఏడింటి దాకానే. ప్రతి గంటలో ఒక పావుగంట నేను నోరు మూసుకుంటాను, పిల్లలు ఇద్దరిద్దరు కలిసి లెక్కలు చేస్తారు, నేను బెంచీల మధ్య తిరుగుతాను. ఒక కాలేజీలో దీనికే ఫీడ్‌బ్యాక్ పడిపోయింది, ‘మేడమ్ క్లాసు సరిగా చెప్పట్లేదు’ అని. ఇంకో చోట అదే బాగుందన్నారు. ఆదాయం మూడో వంతు తగ్గింది. మా వారి జీతం ఉంది కాబట్టి తట్టుకోగలిగాం. ఒంటి చేత్తో ఇల్లు నడిపే ట్రైనర్లకి ఇదే సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. వాళ్ళని రేటు పెంచమనే చెబుతాను, అదీ నలుగురూ కలిసి పెంచితేనే నిలబడుతుంది. ఒక్కరు పెంచితే వెండర్ రెండో నంబరుకి ఫోన్ కొడతాడు.

ఈ జులైలో పాత వెండరే మళ్ళీ పిలిచాడు. రెండు సెక్షన్లు కలిపి, ఆరు రోజులు, పాత రేటు. ‘ఒక్క వారం అడ్జస్ట్ అవ్వండి మేడమ్’ అన్నాడు. నా షరతులు చెప్పాను. మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు, చేయలేదు. ఆ కాలేజీకి వెళ్ళిన ట్రైనర్ నాకు తెలిసినాయనే, కొత్తగా ఈ పనిలోకి దిగారు. మూడో రోజే ‘మేడమ్, గొంతు పట్టేసింది, ఏం వాడాలి?’ అని మెసేజ్ పెట్టారు. మైక్ ఎక్కడ దొరుకుతుందో పంపాను, నీళ్ళ సంగతి, బోర్డు సంగతి చెప్పాను, మూడు వారాల మాట కూడా. మైక్ ధర చూసి ‘సీజన్ అయ్యాక కొంటాను మేడమ్’ అన్నారు. ఇప్పుడే కొనండి, డబ్బు వచ్చినప్పుడు ఇద్దురుగాని అని నేనే ఆర్డర్ పెట్టేశాను.