మా ఫ్రిజ్‌లో 85 డిగ్రీలట!

మొన్న రాత్రి పదకొండింటికి నేను సొంతంగా తయారుచేసుకున్న థర్మామీటరు మా ఫ్రిజ్‌లో 85 డిగ్రీలు ఉందని చూపించింది. కంగారుగా తలుపు తీస్తే పెరుగు గిన్నె చల్లగానే ఉంది.

అసలు ఈ గొడవంతా డాబా స్లాబు వల్ల. ఏప్రిల్ వచ్చిందంటే మా పై గది పగటికంటే పొద్దుగూకాకే ఎక్కువ ఉడుకుతుంది, అదెంతో అంకెల్లో చూద్దామని డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు ఆరు కొన్నా, స్టీలు గొట్టంలో మూడు వైర్లతో వచ్చే రకం. ఆరింటికీ ఆర్డుయినోలో, అంటే వాటిని చదివే చిన్న కంప్యూటర్ బోర్డులో, ఒక్క డేటా పిన్ను చాలు. ప్రతి సెన్సర్‌లోనూ ఫ్యాక్టరీలోనే వేసిన 64 బిట్ల నంబరు ఉంటుంది, ఆ నంబరుతో పిలిస్తే అదొక్కటే పలుకుతుంది. ఏ నంబరు ఏ వైరుదో తెలియాలంటే మాత్రం ఒక్కోదాన్నీ గుప్పెట్లో పట్టుకుని, స్క్రీన్ మీద ఏది పెరుగుతోందో చూసి, టేపు మీద రాసుకోవాల్సిందే.

తర్వాత స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు దంచి కాసిని నీళ్లు పోసి ఆరూ కలిపి ముంచా. అన్నీ సున్నా చూపించాలి కదా, ఒకటి 0.4, ఇంకోటి మైనస్ 0.3. సెన్సర్ అరడిగ్రీ అటూఇటూ చూపించొచ్చని కంపెనీవాళ్లే చెప్తారు కాబట్టి ఆ తేడాలు కోడ్‌లో సరిచేశా.

బల్ల మీద ఉన్నంతసేపూ బంగారంలా పనిచేసింది. ఇల్లంతా వైర్లు లాగాక మొదలైంది టెన్షన్. ఆర్డుయినో డబ్బా దగ్గర్నుంచి ఆరు వైపులకీ ఆరు వైర్లు, చూడ్డానికి సాలెపురుగులా, విడివిడిగా లాగా, అదే తప్పు. చివర్ల నుంచి సిగ్నల్ తిరిగొచ్చి ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. స్లాబు కింది సెన్సర్ జవాబివ్వక గంటకోసారి మైనస్ 127 వచ్చేది, సెన్సర్ పలక్కపోతే కోడ్ చూపించే అంకె అది. వైరింగంతా పీకి ఒకటే పొడుగు లైను లాగి, దారిలో ఒక్కో సెన్సర్‌నీ తగిలించి, డేటా వైరుని సప్లై వోల్టేజీకి లాగి ఉంచే 4.7 కిలోఓమ్‌ల పులప్ రెసిస్టర్ బదులు 2.2 పెట్టాక దారికొచ్చింది.

ఇక ఆ 85 సంగతి. కరెంటు అందగానే సెన్సర్ మెమరీలో ఉండే అంకె అది, కొలత పూర్తికాకముందే అడిగితే అదే చెప్తుంది. కొలవడానికి ముప్పావు సెకను పడుతుంది, నా కోడ్ అంతసేపూ ఆగుతోంది. మరెందుకొచ్చిందా అని వెతికితే, ఫ్రిజ్ వెనక జాయింటుకి సోల్డరింగ్ బద్ధకించి మెలిపెట్టి టేపు చుట్టింది నేనే. తలుపు వేసిన అదురుకి సప్లై పోయి వస్తోంది.

ఇప్పుడు రోజూ చూస్తున్నా: డాబా పైభాగం మధ్యాహ్నం రెండింటికి పతాకస్థాయి వేడికి చేరితే, స్లాబు అడుగు రాత్రి ఏడున్నరకి చేరుతోంది. అంటే మేం పక్కలు వేసుకునే వేళకే. ఈ ఆదివారం డాబాలో సగానికి మాత్రం సున్నం కొట్టి, రెండు సగాల కిందా చెరో సెన్సర్ పెడతా. ఏడోది అమ్మ అడుగుతోంది, పాలు తోడు పెట్టేటప్పుడు గిన్నె పక్కన పెట్టుకోడానికట.