బౌల్డర్‌లో రెండేళ్లు: ఇల్లు, కొండలు, డిపాజిట్ (నా అనుభవం)

మొన్న శుక్రవారం మా అద్దింటి డిపాజిట్‌లో ఆపేసిన 1,440 డాలర్ల చెక్ వచ్చింది. కవర్ చింపి చూసుకుని అక్కడే మెయిల్‌బాక్స్ పక్కన మెట్ల మీద కూర్చుండిపోయా. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో చదువుకున్న ఈ రెండేళ్లలో కనీసం పది మంది జూనియర్లు అడిగుంటారు, "అక్కా, బౌల్డర్‌లో అడ్మిట్ వచ్చింది, కొండలు, ట్రెక్కింగ్ అంటున్నారు, రమ్మంటావా, డాలస్ వైపు వెళ్లిపోమంటావా" అని. అడిగిన ప్రతిసారీ సగం చెప్పి సగం మింగేశా. ఇప్పుడు చెక్ చేతికొచ్చింది కాబట్టి మొత్తం చెప్పేస్తున్నా.

వీసా, టికెట్లు, ప్రయాణం అన్నీ అందరికీ అయినట్టే అయ్యాయి, చెప్పడానికేం లేదు. 2022 ఆగస్టులో డెన్వర్ ఎయిర్‌పోర్టులో దిగి ఏబీ బస్సెక్కితే నేరుగా బౌల్డర్‌లో దింపేసింది. ఊరికి ముందు రోడ్డు ఒక మిట్ట ఎక్కుతుంది, ఎక్కి అటు దిగేటప్పుడు ఒక్కసారిగా కొండలు కనిపిస్తాయి, ఇస్త్రీపెట్టెలు వరసగా నిలబెట్టినట్టు ఏటవాలుగా ఎర్రటి రాతి పలకలు. వాటిని ఫ్లాటైరన్స్ అనడం కూడా అందుకే. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం తెలుసు గానీ కొండ ఇంత దగ్గరగా ఊరి మీదకి వంగి నిలబడటం ఎప్పుడూ చూళ్లేదు. ఇరవై నాలుగ్గంటల ప్రయాణం అలసట ఎటు పోయిందో తెలీదు.

ఇల్లు మాత్రం చుక్కలు చూపించింది. ఇక్కడ లీజులన్నీ ఆగస్టు మధ్యలో మారతాయి, తర్వాతి ఏడాది ఇళ్లకి ముందు ఏడాది అక్టోబరు, నవంబరుల్లోనే సంతకాలు మొదలైపోతాయి. మనకి అడ్మిట్ వచ్చేదే మార్చిలో. అప్పటికి మిగిలేవి ఎవరూ వద్దన్నవి, లేదా ఎవరూ కట్టలేనివి. దానికి తోడు 2021 డిసెంబరు 30న మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చి పక్కనున్న లూయిస్‌విల్, సుపీరియర్ వైపు వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి, ఆ కుటుంబాలన్నీ కూడా అద్దిళ్లే వెతుక్కుంటున్నాయి. అద్దెకి మూడు రెట్లు ఆదాయం చూపించమన్నారు, స్టూడెంట్‌కి ఆదాయం ఎక్కడిది. క్రెడిట్ స్కోర్ అడిగారు, దేశంలో దిగి నాలుగు రోజులైంది. అమెరికాలో ఉండే గ్యారంటర్ కావాలన్నారు, అదీ లేదు. (2023లో చట్టం మారింది. ఇప్పుడు కొలరాడోలో అద్దెకి రెండు రెట్లకి మించి ఆదాయం అడగకూడదు, డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదు. ఎవరైనా అడిగితే ఆ మాట గుర్తుచెయ్యండి, మొహమాటపడకండి.) చివరికి సౌత్ బౌల్డర్‌లో ఒక పాత ఇల్లు దొరికింది. మూడు బెడ్‌రూములు, కింద బేస్‌మెంట్, నెలకి 3,300 డాలర్లు, డిపాజిట్ ఇంకో 3,300. మేం నలుగురు అమ్మాయిలం, తలా 825. లీజు మీద మాత్రం ముగ్గురి పేర్లే. నాలుగో అమ్మాయి ఖమ్మం నుంచి వచ్చింది, మా అందర్లో చిన్నది, బేస్‌మెంట్ తనకిచ్చాం. ఆ ముగ్గురు, నలుగురు లెక్క దగ్గరే తర్వాత మా పరువు పోయింది. ఆ సంగతికి వస్తా.

ముందు మంచి చెప్తా, ఎందుకంటే అది నిజంగా మంచి. ఈ ఊరివాళ్లు 1959లోనే 5,750 అడుగుల ఎత్తు దాటితే మున్సిపాలిటీ నీళ్లివ్వకూడదని ఓటేసి గీత గీసుకున్నారు, దాన్ని బ్లూ లైన్ అంటారు. నీళ్లు లేకపోతే కొండ మీద ఇల్లెవడు కడతాడు, అందుకే కొండలు కొండల్లాగే మిగిలాయి. 1967లో తమ మీద తామే సేల్స్ టాక్స్ వేసుకుని ఊరి చుట్టూ భూములు కొనడం మొదలుపెట్టారు. 1971లో ఏ బిల్డింగూ 55 అడుగులు దాటకూడదన్నారు. దానివల్ల నాలాంటి స్టూడెంట్ కూడా పైసా ఖర్చు లేకుండా క్లాసు అయ్యాక కొండల అడుగునున్న ఛటాక్వా పార్కు దాకా నడిచి, ఇంకో పావుగంటలో పైన్ చెట్ల మధ్య ఉంటుంది. పాండరోసా పైన్ అని పెద్ద చెట్లు, ఎండ పడ్డప్పుడు బెరడు పగుళ్లలో ముక్కు పెట్టి చూడండి, అచ్చం వెనీలా వాసన. మొదటిసారి ఎవరో డెబ్బై ఏళ్ల పెద్దావిడ నన్ను దాటి ఎక్కుతూ ఆగి మరీ చూపించింది. నేను మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని, ఊరు 5,430 అడుగుల ఎత్తులో ఉండటంతో మొదటి నెల బ్యాగు మోస్తూ రెండో అంతస్తు ఎక్కితే గుండె దడదడలాడేది. అలాంటిదాన్ని రెండో ఏడాది దాదాపు 8,460 అడుగుల బేర్ పీక్ శిఖరం ఎక్కా, మే నెలాఖరు మెమోరియల్ డే నాడు బోల్డర్ బౌల్డర్ అని జరిగే పది కిలోమీటర్ల పరుగు గంటా ఏడు నిమిషాల్లో పూర్తి చేశా. పరుగు ముగిసే స్టేడియంలోకి వచ్చేటప్పుడు అంతమంది చప్పట్లు కొడుతుంటే ఏడుపొచ్చింది. ఈ మాట గర్వంగానే చెప్తున్నా.

ఇబ్బందులు చాలావరకు అలవాటైపోయేవే. ఎత్తు వల్ల నీళ్లు 95 డిగ్రీలైనా రాకుండానే మరిగిపోతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో చచ్చినా ఉడకదు, కుక్కర్ తెచ్చుకోండి, మూడు విజిల్స్ అలవాటున్నవాళ్లు ఐదు రానివ్వండి. చలికాలం కొండల మీంచి వచ్చే గాలికి రాత్రిళ్లు ఇల్లు ఊగుతుందేమో అనిపిస్తుంది. ఎలుగుబంట్లు వస్తాయి, చెత్త డబ్బాలకి అవి తెరవలేని మూతలుంటాయి, సరిగ్గా వెయ్యాలి. సైకిల్‌కి మంచి యూ లాక్ కొనండి, నాది రెండు నెలలకే పోయింది. స్కీయింగ్ మన బడ్జెట్ కాదు, వెళ్లకపోతే ఏమీ పోదు. మంచు బూట్లు, జాకెట్టు మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోండి, ఇక్కడివాళ్లు కొన్నవి రెండుసార్లు వేసి ఇచ్చేస్తారు. ఉగాదికి వేపపువ్వు దొరకలేదు, రెండేళ్లూ దొరకలేదు.

ఇక అసలు సంగతి.

బౌల్డర్‌లో అప్పట్లో ఒక రూల్ ఉండేది. రక్తసంబంధం లేనివాళ్లు మామూలు ఇళ్ల ఏరియాల్లో ముగ్గురికి మించి ఒకే ఇంట్లో ఉండకూడదు, కొన్ని ఏరియాల్లో నలుగురు. ఇంట్లో ఎన్ని గదులున్నాయన్నదానితో పని లేదు. 2021 నవంబరులో దీన్ని మార్చాలా అని ఓటింగ్ పెడితే కొద్ది తేడాతో ఓడిపోయింది. మాకు ఈ రూల్ తెలుసు, తెలిసే చేశాం, అది దాచను. నలుగురం ఉంటే 825, ముగ్గురైతే 1,100, మా ఇళ్లల్లో నాన్నలు లోన్లు కడుతున్నారు, ఆ 275 చిన్న తేడా కాదు.

ఇంకో రూల్ కూడా ఉంది, మంచు పడటం ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు ఫుట్‌పాత్ మీది మంచు ఎత్తెయ్యాలి. 2023 జనవరిలో గట్టిగా పడింది. పొద్దున్నే నలుగురం పారలు పట్టుకుని దిగాం. పక్కింటాయన పెద్దాయన, ఒంటరిగా ఉంటాడు. మా ఖమ్మం అమ్మాయే అంది, "అక్కా, తాతగారు ఎక్కడ ఎత్తుకుంటారు, అదీ మనమే చేసేద్దాం" అని. చేసేశాం. నడుములు పడిపోయాయి. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు, మేమూ ఊపాం.

వారం తిరక్కుండా మా అద్దిల్లు చూసుకునే మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి మెయిల్. స్మోక్ అలారం చెకింగ్‌కి రేపు పొద్దున తొమ్మిదికి వస్తాం అని. మాకు అనుమానం వచ్చింది. రాత్రంతా సర్దాం. ఖమ్మం అమ్మాయి పరుపు చుట్టి హీటర్ వెనక నిలబెట్టి దుప్పటి కప్పాం, సూట్‌కేసులు నా మంచం కిందకి తోశాం, బ్రష్షూ, కొబ్బరినూనె సీసా, చెప్పులూ అన్నీ బ్యాగులో వేసుకుని ఆ పిల్ల ఆరున్నరకే స్కిప్ బస్సెక్కి క్యాంపస్‌కి వెళ్లిపోయింది. బయట మైనస్ పన్నెండు. వెళ్తూ వెళ్తూ బూట్లు కట్టుకుంటూ ఒక్కసారి వెనక్కి చూసింది, ఆ చూపు నాకింకా గుర్తుంది. సొంతంగా అద్దె కట్టే పిల్ల, దొంగలా వెళ్లాల్సొచ్చింది.

కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది, నవ్వుతూనే పలకరించింది. అలారం నొక్కింది, మోగింది, అంతే, రెండు నిమిషాల పని. వెళ్లలేదు. గదులు చూసింది. బాత్రూంలో బ్రష్షులు చూసింది. కింద దుప్పటి పైకెత్తి చూసి మళ్లీ వదిలేసింది. వంటింట్లోకొచ్చి గట్టు మీద ఆగింది. అక్కడ మా టిఫిన్ డబ్బాలున్నాయి, స్టీలువి, మూతల మీద తెల్ల టేపు అతికించి పేర్లు రాసుకున్నాం. అన్నీ దాచాం గానీ అవి గుర్తే రాలేదు. ఒక్కో మూతా వేలితో చూపిస్తూ పేర్లు పైకి చదివింది, పలకడం రాక ముక్కలు ముక్కలుగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో పేరు దగ్గర వేలు ఆపి, ఈమె ఎవరు, లీజులో లేదే అంది. గెస్ట్ అన్నా. ఎప్పట్నుంచి అంది. నీళ్లు నమిలా. అప్పుడు ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. నలుగురం పారలు పట్టుకుని మంచు ఎత్తుతున్నాం. అది పక్కింటి వైపు నుంచి తీసిన ఫోటో. ఎత్తుతున్నది ఆయన ఫుట్‌పాతే.

తల కొట్టేసినట్టయింది. అబద్ధం పట్టుబడినందుకు సిగ్గు ఒకటి. ఎవరికోసం నడుం వంచామో ఆ ఇంట్లోంచే ఫోటో తీసి లెక్కపెట్టడం ఇంకొకటి. ఆయన ఇంటి ముందు గడ్డిలో అందరికీ స్వాగతం అని బోర్డు కూడా ఉంటుంది. నేను ఆవిడ ముందు ఏడవలేదు, ఆవిడ కారు కదిలాక వంటగదిలో కూర్చుని ఏడ్చా. సిటీ ఇలాంటివాటిని ఎవరైనా కంప్లయింట్ ఇస్తేనే పట్టించుకునేది, అంటే ఊరంతా ఇలా ఉండేవాళ్లు ఉన్నారు, పక్కవాళ్లు నోరు విప్పనిచోట బతికిపోయారు.

నాలుగో అమ్మాయి ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యకపోతే లీజు రద్దు అని మెయిల్. ఆ పిల్ల "పర్లేదక్కా" అని దగ్గర్లోని లాంగ్‌మాంట్ ఊళ్లో ఎవరో తెలిసినవాళ్ల హాల్లోకి మారింది. రోజూ బోల్ట్ బస్సులో వచ్చి వెళ్లేది, రాత్రి ల్యాబ్ లేటైతే బస్సు కోసం పరిగెత్తేది. కట్టిన డిపాజిట్ వాటా 825 ఇద్దామంటే మాది కూడా అక్కడే ఇరుక్కుపోయింది, తిరిగొచ్చేదాకా ఆగుతానంది. మేం ముగ్గురం 1,100 కట్టుకున్నాం.

ఒక మాట చెప్పాలి. కొండల్ని కాపాడుకోవడానికి ఊరు పెరగకుండా ఆపారు, మంచిదే, ఆ కొండల్లో నేనూ నడిచా, నేనూ బాగుపడ్డా. కానీ ఊరు పక్కకీ పెరగదు, పైకీ పెరగదు అన్నప్పుడు ఉన్న ఇళ్లల్లో సర్దుకుని ఉండేవాళ్లని కూడా తరిమితే ఎలా? ఆ ఇల్లు కట్టినప్పుడు ఐదుగురు పిల్లలున్న కుటుంబం ఉండుంటే ఎవరూ ఫోటో తీసేవారు కాదు. మన ఇళ్లల్లో ఒక గదిలో అమ్మమ్మా మనవలూ ఐదుగురు పడుకుంటాం, దాన్ని ఎవరూ నేరం అనరు. తర్వాత 2023 ఆగస్టులో సిటీ కౌన్సిల్ ఆ ముగ్గురి రూల్‌ని ఐదుగురికి పెంచింది, ఇక 2024 జూలై 1 నుంచి రాష్ట్రం మొత్తం మీద ఆ సంబంధం లెక్క తీసేస్తూ చట్టం వచ్చింది. మాకు ఆలస్యంగా వచ్చింది. మీకు ఆ భయం లేదు. అయినా సరే ఉండే అందరి పేర్లూ లీజులో రాయించండి, దాక్కుని బతకడం కంటే ఇంకో వంద కట్టడం నయం.

డిపాజిట్ సంగతి తొందరగా చెప్పేస్తా. ఈ ఆగస్టులో ఖాళీ చేశాం. 1,440 కోసుకుని మిగతాది పంపారు, కార్పెట్ 900, "వంట వాసన పోగొట్టడానికి" 540. ఆ రెండో లైను చదివి రక్తం మరిగింది. యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ అని ఉంది, వెళ్లండి, సిగ్గుపడకండి, వాళ్లే దారి చెప్పారు. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి ఇక్కడ డబ్బులు పట్టుకోకూడదు. ఏడు రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కావాలని ఆపినదానికి మూడు రెట్లు కోర్టులో అడగొచ్చు. దిగిన రోజు నేను ప్రతి గదీ, కార్పెట్ మీద ముందునుంచీ ఉన్న ప్రతి మరకా ఫోటో తీసి పెట్టుకున్నా, ఇంట్లో అందరూ చాదస్తం అన్నారు. ఆ 38 ఫోటోలూ జతచేసి నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపా. ఐదో రోజు ఫోన్, తర్వాత చెక్.

నిన్న చెక్ బ్యాంకులో వెయ్యగానే లాంగ్‌మాంట్‌కి 825 పంపించా. రెండేళ్ల కిందటి డబ్బు. "అక్కా వచ్చాయి, ఆదివారం బేర్ పీక్ వెళ్దామా, పులిహోర నేను తెస్తా" అని మెసేజ్ పెట్టింది. వెళ్తున్నాం. ఆ స్టీలు డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, మూత మీద టేపు కూడా అలాగే ఉంది, తీసుకెళ్లి ఇచ్చేస్తా.