పగిలిన స్ప్రేయరు, పదహారు ట్రేలు, ఒక ఆవు

కిందటి మే నెలలో మా బ్యాటరీ స్ప్రేయరు ట్యాంకు అడుగు పగిలింది. లోపలున్న పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఛార్జరు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి, పారేయబుద్ధి కాలేదు. మట్టి లేకుండా ట్రేల్లో మొక్కజొన్న మొలకమేత పెంచాలని అప్పటికే బుర్రలో తిరుగుతోంది, కానీ రోజుకి పది సార్లు చేత్తో నీళ్ళు చల్లే ఓపిక నాకు లేదు. ఆ బ్యాటరీతో ఒక పంపు నడిపి నీళ్ళు వాటంతటవే పడేలా చేద్దామనుకున్నాను. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు. ఇంట్లో ఒక ఆవు, ఒక పెయ్య. వేసవిలో వరిగడ్డి తప్ప పచ్చటిదేదీ వాటి నోటికి అందదు.

ఎవరైనా ఇలాగే చేద్దామనుకుంటే ముందే చెబుతున్నాను, పాత స్ప్రేయరులోంచి బ్యాటరీ తీసుకోండి, పంపు తీసుకోకండి. అందులోంచి ఇన్నేళ్ళూ కలుపుమందు, పురుగుమందు వెళ్ళాయి, ఎంత కడిగినా నాకు నమ్మకం లేదు. అదే సైజు పంపు కొత్తది 650 రూపాయలకి దొరికింది.

ర్యాకు మూతపడిన కిరాణా కొట్టుది, ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు, నాలుగు అరలు. అరకి నాలుగు ట్రేలు. ట్రేలో మేత ఏడు రోజులుంటుంది, రోజుకి రెండు ట్రేలు కోస్తాను కాబట్టి పద్నాలుగు చాలు. మిగతా రెండూ ఎప్పుడూ కడిగి ఎండలో ఉంటాయి, ఆ రెండూ లేకపోతే ఈ పని నడవదని తర్వాత తెలిసింది. ర్యాకు ముందు కాళ్ళ కింద పెంకు ముక్కలు పెట్టి ఒక అంగుళం ఎత్తాను, ట్రేలకి వెనక వైపు మాత్రమే చిల్లులు. వెనకాల సగానికి కోసిన మూడంగుళాల పీవీసీ పైపు, దాని కింద బకెట్టు. ఆ నీళ్ళు మళ్ళీ పైకి పంపను, అరటి మొక్కలకి పోస్తాను. తిరిగి వాడితే రెండో రోజుకే పులిసిన గంజి వాసన వచ్చింది.

డ్రిప్పుకి వాడే పదహారు ఎంఎం లేటరల్ పైపు, అరకి రెండు ఫాగర్లు (నీళ్ళని సన్నటి తుంపరగా చల్లేవి), మొత్తం ఎనిమిది. మొదట నాలుగే పెట్టాను, పంపు ఒత్తిడి ఎక్కువై ఆగుతూ మొదలవుతూ టకటకమని కొట్టుకుంది. ఎనిమిది పెట్టాక స్థిరంగా నడిచింది. రెండు వందల లీటర్ల డ్రమ్ము, టైమరు, ట్రేలతో కలిపి అంతా ఏడు వేల చిల్లర అయింది.

ఇక నీళ్ళ సంగతి. ఎక్కడో విన్న లెక్క పట్టుకుని రెండు గంటలకోసారి అయిదు నిమిషాలు పెట్టాను. సాయంత్రం నిండా నింపిన డ్రమ్ము మర్నాడు సాయంత్రానికి ఖాళీ. అప్పుడు బకెట్టు పెట్టి కొలిస్తే నిమిషానికి మూడున్నర లీటర్లు పోతున్నాయి, అంటే రోజుకి 210 లీటర్లు, రెండు పశువులు తాగే నీళ్ళకంటే ఎక్కువ! నీళ్ళు పోతే పోయాయి, మేత కూడా పోయింది. నాలుగో రోజున ట్రే ఎత్తితే అడుగున మొక్కల వేళ్ళన్నీ గోధుమ రంగులో జిగురుగా నా చేతికి అంటుకున్నాయి. మొదటి పన్నెండు ట్రేల్లో తొమ్మిది పెంటకుప్పకే వెళ్ళాయి. అమ్మ అరుగు మీద కూర్చుని చూసి, "ఏట్రా బాబూ, ఆవుకి మొలకలు పెడతనన్నావు, పెంటకి పెడతన్నావు" అంది.

దాంతో పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం అయిదు దాకా గంటకోసారి ఒక్క నిమిషం, రాత్రి రెండు సార్లకి మార్చాను. మొత్తం పద్నాలుగు నిమిషాలు, 49 లీటర్లు. డ్రమ్ము నాలుగు రోజులు వచ్చింది. దీనికి పన్నెండు వోల్టుల మీదే నడిచే డిజిటల్ టైమరు వేశాను, పదహారు ప్రోగ్రాములు పెట్టుకోవచ్చు. పంపు నాలుగు ఆంపియర్లు లాగినా రోజుకి పద్నాలుగు నిమిషాలంటే ఒక ఆంపియర్-అవర్ (బ్యాటరీలో నిలవుండే కరెంటుకి కొలత) కూడా ఖర్చవదు, కాబట్టి కరెంటు పోయినా ముసలి బ్యాటరీ మూడు రోజులు లాక్కొస్తుంది. తుపాన్ల దారిలో ఉన్న జిల్లాలు మనవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళంలో స్తంభాలు ఎలా పడ్డాయో చూసినవాళ్ళెవరూ గోడ ప్లగ్గుని నమ్ముకుని ఏదీ పెంచరు.

ఆగస్టులో మళ్ళీ టెన్షన్. టైమింగు సరిగ్గానే ఉంది, కానీ కొన్ని ట్రేల్లో ఒకే చోట, అరచేతి వెడల్పున నల్లటి గుండ్రం. ఒక రాత్రి పంపు ఆగాక టార్చిలైటు వేసి చూస్తూ కూర్చుంటే దొరికింది. పైపులో మిగిలిన నీళ్ళు కింది అర ఫాగర్లోంచి చుక్క, చుక్క, చుక్క, ఇరవై నిమిషాల సేపు. డ్రిప్పు సామాన్ల కొట్లో ఫాగరు పైన పెట్టే చిన్న వాల్వు ఉంటుంది, పంపు ఆగగానే మూసుకుంటుంది. ఎనిమిది తెచ్చి పెట్టాను, గుండ్రాలు ఆగాయి.

తర్వాత ఫాగర్లు మూసుకుపోవడం. మా బోరు నీళ్ళు ఒక రోజు నిలవుంటే అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. గరివిడి, గర్భాం మాంగనీసు గనుల పక్క నేలలు మావి, అది మాంగనీసో ఇనుమో నేను పరీక్ష చేయించలేదు. డ్రమ్ము అడుగు నుంచి నాలుగంగుళాలు పైన కుళాయి బిగించి, చిన్న జాలి ఫిల్టరు పెట్టి, నెలకోసారి ఫాగర్లన్నీ నిమ్మ ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెడుతున్నాను.

గింజల విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. ట్రేకి కిలోన్నర. బ్లీచింగ్ పౌడర్ చిటికెడు కలిపిన నీళ్ళలో కడిగి, తేలినవీ విరిగినవీ తీసేసి, ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు తడి గోనెసంచిలో మూటగట్టి, మొలక తెల్లగా ముక్కు బయట పెట్టాక ట్రేలో పరుస్తాను. మా బావమరిది విత్తనాల సంచి మిగిలిందని ప్రేమగా పట్టుకొచ్చాడు, గులాబీ రంగు పూసినవి. అది విత్తనశుద్ధి మందు, పశువు కడుపులోకి వెళ్ళకూడదు, తిప్పి పంపించాను. జొన్న జోలికి కూడా వెళ్ళలేదు, లేత జొన్నలో విషం ఉంటుందని పశువులున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. బూజు పట్టిన ట్రే ఎంత చిన్న మచ్చయినా మొత్తం పారేస్తాను, కోసి మిగతాది పెట్టడం లేదు.

కిలోన్నర గింజకి ఏడున్నర కిలోల దాకా మేత వస్తోంది, రెండు ట్రేలకి పదిహేను. వినడానికి బ్రహ్మాండం. కిలో మేతని డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి తూచాను, 150 గ్రాములు తేలింది. అంటే పదిహేను కిలోల్లో ఎండు సరుకు రెండుంపావు, నేను పెట్టిన గింజలు మూడు కిలోలు. గింజలో ఉన్నదాంట్లో కొంత మొలకే తినేసింది, మిగతా బరువంతా నీళ్ళే. 2025-26కి మొక్కజొన్న మద్దతు ధర క్వింటా 2,400, నాకు కిలో 26కి పడింది, రోజుకి 78 రూపాయలు. దాణా ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పచ్చిగడ్డికి నేల లేనివాళ్ళకి, వేసవిలో ఎండుగడ్డితో పాటు నాలుగు పచ్చి పరకలు కావాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది, అంతవరకే. పాలు అర లీటరు పెరిగాయని అమ్మ అంటోంది, నా పుస్తకంలో మాత్రం అంత కనపడటం లేదు. ఆవు అయితే చాపలా చుట్టిన మేత చూడగానే తాడు తెంపుకునేలా లాగుతుంది. మొదట్లో రెండు కిలోలతో మొదలుపెట్టి వారం మీద పెంచాను, ఒకేసారి పెడితే పేడ జారుగా వేస్తుంది.

సంక్రాంతి చలికి ఏడు రోజుల మేత తొమ్మిది రోజులు పట్టింది. మొన్న ఎలుక పై అరలో ఒక ఫాగరుకి వెళ్ళే సన్న గొట్టం కొరికేసింది. నేను రెండు రోజులు గమనించలేదు, దాని కిందున్న ట్రేకి పక్క ఫాగరు నుంచి వచ్చే తుంపర తప్ప ఏమీ పడలేదు. ఆకు కొంచెం పొట్టిగా ఉంది కానీ, ఆ వారం ట్రేలన్నిటిలో వేళ్ళు బాగా తెల్లగా ఉన్నది అదే. ఒక్కసారికి నలభై సెకన్లకి తగ్గిద్దామంటే ఈ టైమరు నిమిషం కన్నా తక్కువ తీసుకోదు, అందుకని పద్నాలుగు సార్లని పదికి తెచ్చాను. సోమవారం నుంచి నడుస్తోంది.