దొరగారి తోటలో మన పొట్టి పచ్చ అరటి

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ తరఫున మన తరగతి బెల్లం ఫోను చేసి, "రెండు పేజీలు, నెలాఖరులోగా, తప్పించుకోవద్దు" అన్నాడు. ఏం రాయమంటావని అడిగితే గోడ దూకిన శనివారం గురించి రాయమన్నాడు. అది రాసే హక్కు దూకిన ఆ నలుగురిదే. ఎర్ర బకెట్టు కథ ఎలాగూ రెండో బెంచీవాళ్లు రాస్తారు. నేను మాత్రం పోయిన జూన్‌లో ఇంగ్లండులో చూసివచ్చిన ఒక తోట గురించి రాస్తాను. 1983లో సైన్సు మాస్టారు మన తరగతికి అప్పగించిన పని అది. పూర్తవడానికి నలభై రెండేళ్లు పట్టింది.

గాలివానకు బడి వెనక అరటితోట పడిపోయిన మర్నాడు గుర్తుందా? గెల వేసిన చెట్లన్నీ నేలకొరిగాయి. మనం బిక్కమొహాలు వేసుకుని నిలబడితే మాస్టారు పంచె ఎగగట్టి, ఒక బోదెను నలుగురి చేత మోయించి తరగతి గదిలోకి తెచ్చి బల్ల మీద పెట్టించారు. కొడవలితో అడ్డంగా కోశారు. "ఇది చెట్టు కాదర్రా. మీరు కాండం అనుకుంటున్నది కాండమే కాదు. అన్నీ ఆకు తొడుగులే, ఒకదాన్నొకటి హత్తుకుని నిలబడ్డాయి" అంటూ పొర తర్వాత పొర ఒలిచి తలా ఒకటి ఇచ్చారు. నా పొరను కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాను. లోపల వరుసగా గదులు, వాటి మధ్య పొర కాగితం కన్నా పలుచని అడ్డగోడలు, గదిగదినా గాలి. బొటనవేలితో నొక్కితే చెమ్మ ఊరింది. చొక్కాకు అంటిన ఆ అరటి కర ఏ చాకిరేవులోనూ వదలలేదు. చివరికి మిగిలిన తెల్లటి దవ్వ లీడరుకు దక్కింది. మర్నాడు వాడి క్యారేజీలో వచ్చిన దవ్వ పెరుగుపచ్చడి రుచి ఎంతమందికి తెలుసో లీడరే చెప్పాలి.

ఆ రోజే మాస్టారు నల్లబల్ల మీద 'కావెండిష్' అని రాశారు. "మన పొట్టి పచ్చ అరటికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు. అది ఒక డ్యూకు ఇంటిపేరు. ఆయన తోటమాలి ఆ చలిదేశంలో దీన్ని కాయించాడు. మీలో ఎవరో ఒకరు వెళ్లి ఆ తోట చూసి రండి, వచ్చి నాకు చెప్పండి" అన్నారు. మనలో అప్పటికి రాజమండ్రి దాటినవాళ్లు ముగ్గురో నలుగురో.

ఇప్పుడు కడియపులంకలో నాకు ఆరెకరాల నర్సరీ ఉంది. ముప్ఫై మందికి పైగా దాని మీద బతుకుతున్నారు. మొక్కల లారీలు ఒడిశా, మహారాష్ట్ర దాకా వెళ్తాయి. మా అమ్మాయి షెఫీల్డులో చదువు ముగించి అక్కడే ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, ముందు లండన్ చూద్దామా?" అని అడిగితే, మాస్టారు చెప్పిన ఆ డ్యూకుగారి తోట, చాట్స్‌వర్త్, ఎంత దూరమన్నాను. బస్సులో గంట అంది.

కొండ మలుపు తిరగగానే నది, దాని గట్టున ఎండకు తేనెరంగు తిరిగిన రాతి భవనం, వెనక అడవి. 1552లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ అక్కడ ఇల్లు మొదలుపెట్టింది. స్కాట్లండు రాణి మేరీని బందీగా ఉంచిన చోట్లలో అదీ ఒకటి. తర్వాతి తరాల డ్యూకులు దాన్ని తిరగకట్టి, పెంచి ఈ రూపానికి తెచ్చారు. లోపలి వైభవమంతా వర్ణించను. ఒక్క గది చాలు: సగం తెరిచిన తలుపు, దాని వెనక మరో తలుపుకు మేకుకు వేలాడుతున్న వయొలిన్. వయొలిన్ లేదు, అది బొమ్మ. యాన్ వాన్ డెర్ వార్ట్ అనే చిత్రకారుడు మూడు వందల ఏళ్ల కిందట తలుపు చెక్క మీద వేశాడు. మా ఆవిడ కుడికీ ఎడమకీ వంగి, నీడ కూడా బొమ్మేనని తేల్చుకునేదాకా కదలలేదు. మన డ్రాయింగు మాస్టారు చూసి ఉంటే బాగుండేదనిపించింది.

నా ప్రాణం మాత్రం బయటే ఉంది. ఆ గడ్డి వాలు, గుంపులు గుంపులుగా చెట్లు, మేసే గొర్రెలు చూసి ఎవరైనా ప్రకృతి సిద్ధమనుకుంటారు. 1760ల ప్రాంతంలో కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల శిల్పి నాలుగో డ్యూకు కోసం తీర్చిదిద్దిన దృశ్యమది. ఏ చెట్టు ఏ మలుపులో కనబడాలో, వందేళ్లకు ఎంత గొడుగు పడుతుందో ఊహించి నాటాడు. తాను చూడలేని నీడ కోసం నాటడమంటే ఏమిటో నర్సరీవాడిగా నాకు తెలుసు. ఎడెన్సర్ అనే ఊరు భవనం నుంచి కనబడుతోందని తర్వాతి కాలంలో చాలా ఇళ్లు తీసి పక్కకు మార్చారని విన్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

మాస్టారు చెప్పిన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్. 1826 మే నెలలో, ఇరవై మూడేళ్లయినా నిండని కుర్రాడు, తెల్లవారుజామున నాలుగున్నరకు చేరుకున్నాడు. గేటు తీసేవాళ్లు లేరు. గోడ దూకాడు! (ఆ నలుగురూ గమనించాలి.) తోటంతా తిరిగి చూసి, ఆరింటికి కూలీలను పనిలోకి దింపి, ఇంటి వ్యవహారాలు చూసే ఆవిడతో ఫలహారానికి కూర్చున్నాడు. తొమ్మిది కొట్టేలోపు ఆవిడ మేనకోడలు సారా మీద మనసు పడ్డాడు. మరుసటేడు పెళ్లి.

1830లో ఎనిమిది టన్నుల యాష్ చెట్టును డార్బీ నుంచి 28 మైళ్లు బండి మీద తెచ్చి నాటాడు. మట్టిగడ్డ చెదరకుండా రెండు టన్నుల తాటిజాతి చెట్టును హైదరాబాదు పంపడానికి మా కుర్రాళ్లు పడే పాట్లు నాకు తెలుసు. వాళ్లకు ఈ సంగతి చెబితే పనాపి మరీ విన్నారు. 1844లో రష్యా చక్రవర్తి వస్తాడని కొండ మీద చెరువు తవ్వించి, పంపు అన్నది లేకుండా ఆ ఎత్తు బలంతోనే 296 అడుగులు ఎగిసే ఫౌంటెన్ కట్టాడు. చక్రవర్తి రాలేదు, ఫౌంటెన్ మాత్రం ఉంది.

నేను ఎక్కువసేపు నిలబడింది గ్రేట్ స్టోవ్ పునాది గోడల దగ్గర. 277 అడుగుల పొడవు, 67 అడుగుల ఎత్తు ఉన్న గాజు ఇల్లు అది. నేల కింద ఎనిమిది బాయిలర్లతో లోపల ఉష్ణమండలాన్ని నిలిపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు కరువై మొక్కలన్నీ చచ్చిపోయాయి. 1920లో పేల్చి పడగొట్టారు. మాస్టారు బోదె పొరలు పంచింది అక్కడే గుర్తొచ్చింది. పాక్స్‌టన్ కూడా ఆకు చూసే నేర్చుకున్నవాడు. 1849లో ఇంగ్లండులో మొదటిసారి పూయించిన పెద్ద కలువ ఆకు మీద తన కూతురిని నిలబెట్టి దాని బలం చూశాడు. ఆ ఆకు అడుగున ఉండే ఈనెల అల్లికే 1851లో లండన్ ప్రదర్శన కోసం అతను రూపొందించిన పెద్ద గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్‌కు దారి చూపింది.

అక్కడ పనిచేస్తున్న తోటమాలి కుర్రాడితో, నేను అరటిదేశం నుంచి వచ్చానని, నాదీ మొక్కల పనేనని అమ్మాయి చేత చెప్పించాను. నా అరచేతులు చూసి నవ్వి గాజు ఇంట్లోకి తీసుకెళ్లాడు. మన పొట్టి పచ్చే! ఆకు తొడిమల మీద అవే గోధుమరంగు మచ్చలు. గెల చివర మగపూల డొప్పలు రాలకుండా అలాగే అంటిపెట్టుకుని ఉన్నాయి. మారిషస్ నుంచి ఇంగ్లండు చేరిన ఈ రకాన్ని పాక్స్‌టన్ సంపాదించి పెంచితే 1835 నవంబరులో గెల వేసిందట. ఆరో డ్యూకు విలియం కావెండిష్ పేరు దానికి అలా దక్కింది. ఈనాడు ప్రపంచమంతా ఓడలెక్కి తిరిగే అరటిపళ్లు దాదాపు అన్నీ ఈ కుటుంబానివే. మా జిల్లాలో ఇప్పుడు వేస్తున్న గ్రాండ్ నైన్‌తో సహా.

అక్కడి నుంచే మాస్టారికి వీడియో ఫోను చేశాను. మన దగ్గర రాత్రి ఏడున్నర. పెద్దవారయ్యారు, గొంతు మాత్రం మారలేదు. భవనం చూపించబోతే వద్దన్నారు.

"మొదలు చూపించు."

వంగి చూపించాను.

"పిలకలు ఎన్ని ఉంచారురా?"

"ఒక్కటే మాస్టారూ. సూది పిలక."

"గెలకు ఎదురువైపునేనా?"

"ఎదురువైపునే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ అబ్బాయికి ఓసారి ఫోను ఇవ్వు" అన్నారు.